ప్రాణహిత పరీవాహకంలో నీటి నిల్వల లెక్క: నా అనుభవం

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలోనో, ఒక్క గడ్చిరోలి జిల్లాలోనో భూగర్భజలం ఎంత పడిపోయిందో గ్రేస్ (గురుత్వాకర్షణ మార్పులను బట్టి నీటి నిల్వను అంచనా కట్టే ఉపగ్రహాల జంట) చెబుతుందనుకుంటే మొదట్లోనే దెబ్బ తింటాం. జిల్లా విస్తీర్ణం 14,412 చదరపు కిలోమీటర్లు. గ్రేస్ చూపు దాదాపు 300 కిలోమీటర్ల కంటే సన్నగా ఆనదు. నాసా ప్రయోగశాల జేపీఎల్ ఇచ్చే గ్రేస్ ఫైలు అర డిగ్రీ గళ్లతో వస్తుంది కాబట్టి జిల్లాకు ఐదారు గళ్లు దొరికినట్టే ఉంటుంది. లెక్క కట్టింది మాత్రం 3 డిగ్రీల మాస్కాన్ల (నీటి బరువును లెక్కగట్టే పెద్ద గళ్ల) మీద. అందుకని జిల్లాను వదిలి వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగలతో కలిపి ప్రాణహిత పరీవాహకం మొత్తం తీసుకున్నాను: సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు. నిజానికి గ్రేస్ చూపుకు ఇదీ అంచుమీదే.

ఫైల్లో ఉండేది నీటి మొత్తం కాదు, 2004–2009 సగటు కంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది, సెంటీమీటర్లలో. అందులో నేల తేమ, చెరువులు, జలాశయాలు, భూగర్భజలం అన్నీ కలిసిపోయి ఉంటాయి. భూగర్భజలం కావాలంటే మిగతావి తీసేయాలి. నేల తేమకు జీఎల్‌డాస్ అనే నాసా వ్యవస్థలోని నోవా నేల మోడల్ వాడాను. దాని నాలుగు పొరలూ (రెండు మీటర్ల లోతు వరకు) కూడాలి. అది చదరపు మీటరుకు కిలోల్లో ఇస్తుంది, అంటే మిల్లీమీటర్లు. పదితో భాగించడం మరిస్తే జవాబు పనికిరాదు. దాన్నుంచి కూడా అదే 2004–2009 సగటు తీసేయాలి. ఇది చేయకపోతే గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది, రూపం మాత్రం చక్కగానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

2023 వరకు మేడిగడ్డ బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ల సంగతి సిరొంచ వైపు అందరూ అడుగుతారు. 16.17 టీఎంసీ అంటే 0.46 ఘన కిలోమీటర్లు. అదంతా ఇక్కడే నిలిచిందనుకున్నా పరీవాహకం మీద పరిస్తే నాలుగు మిల్లీమీటర్లే. ఇంత విస్తీర్ణానికి నెలవారీ విలువలో రెండు సెంటీమీటర్ల అటూఇటూ మామూలే కాబట్టి గ్రేస్‌కు అది ఆనదు.

పాత జంట 2017లో ఆగిపోయింది, గ్రేస్-ఎఫ్ఓ 2018 మే 22న ఎగిరింది. మధ్యలో దాదాపు ఏడాది ఖాళీ. అటూ ఇటూ ఉన్న రెండు చుక్కలను గీతతో కలిపేస్తే 2017 వానాకాలమే మాయమవుతుంది, ఎందుకంటే ఇక్కడ నిల్వ సెప్టెంబరు ప్రాంతంలో పైకి చేరి మే నాటికి అడుగంటుతుంది. ఖాళీని ఖాళీగానే వదిలేశాను. 2011 తర్వాత బ్యాటరీ ఇబ్బందితో పోయిన విడి నెలలను మాత్రం పక్క నెలలతో నింపవచ్చు. కరువు సూచిక కట్టేటప్పుడు మే విలువను మేలతోనే పోల్చాలి: ఆ నెల సగటు తీసేసి, ఆ నెల ప్రామాణిక విచలనంతో భాగించాలి.

చివరికి బావులతో సరిచూడాలి. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తుంది. బావిలో 5 మీటర్లు తగ్గితే 5 మీటర్ల నీరు పోయినట్టు కాదు. యవత్మాల్ వైపు బసాల్టుకు విశిష్ట దిగుబడి (రాతి ఘనపరిమాణంలో బయటికి వచ్చే నీటి వంతు) 2 శాతం, అంటే 10 సెంటీమీటర్లు. సిరొంచ ఇసుకరాయికి 3 శాతం, అంటే 15. రెండు లెక్కలూ కుదరకపోతే ముందు ఈ శాతాన్ని అనుమానించండి. తర్వాత జేపీఎల్ గెయిన్ ఫ్యాక్టర్లను (మాస్కాన్ విలువలను చిన్న గళ్లకు సర్దే గుణకాలను) చూడండి. అవి ఒక నేల మోడల్ నుంచి తీసినవి, ఏళ్లతరబడి తోడకం వల్ల వచ్చే తగ్గుదలకు వాటిని నమ్మకూడదు.