ఆగమ్మా, వాడినే పలకనివ్వు

కడపలో కూర్చుని, బద్వేలు వైపు బడిలో పిల్లల మాట సరిదిద్దే స్పీచ్ థెరపీ పని నేర్చుకుంటున్న అమ్మాయిని వీడియోలో గమనిస్తుంటాను. ‘స’, ‘శ’ తేడా విషయంలో వీడియో కాల్‌ను నమ్మను. సన్నని ఊదుడు శబ్దాలను అది మింగేస్తుంది. విడిగా రికార్డు చేసి పంపమంటాను.

నిన్నటి పిల్లవాడు ‘కాకి’ని ‘తాతి’ అంటాడు. ‘క’కు నాలుక వెనుక భాగం లేవాలి, వాడిది ముందు భాగం లేస్తోంది. నోటి మీద వెలుతురు పడేలా కిటికీ వైపు తిప్పించాను. వాడు తడబడగానే ఆ అమ్మాయి తానే అందించబోయింది. "ఆగమ్మా, వాడినే పలకనివ్వు" అన్నాను. ఆగింది. చాలాసేపటికి ‘కా’ వచ్చింది! నాకు కళ్లు చెమర్చాయి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యమూ ఉంది. ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? వచ్చే వారం నేనే ఆ బడికి వెళ్లి వాళ్లతో మాట్లాడతాను.