మా బర్రె సుక్కమ్మకి సర్రా (జోరీగలతోని అంటుకునే రక్తం జబ్బు) వచ్చినప్పుడు మేము పడ్డ తిప్పలు (నా అనుభవం)

మాది హైదరాబాద్ పక్కన పీర్జాదిగూడ దిక్కు చిన్న డెయిరీ, తొమ్మిది బర్రెలు, రెండు హెచ్ఎఫ్ క్రాస్ (సంకరజాతి) ఆవులు. మూసీ పక్కన పండే పారా గడ్డే మాకు ఆధారం. నాయిన పాలు పిండుతడు, నేను బండి మీద ఉప్పల్, రామంతాపూర్ వాడికె ఇండ్లల్ల పోసొస్త.

పోయినేడు ముందుగాల దూడ పోయింది. జూన్‌ల అన్నిటికీ గొంతువాపు టీకా వేయించినం, ఆగస్టుల అదే గొంతువాపుతోని సుక్కమ్మ దూడ ఒక్క రోజుల పోయింది, మిగిలినవి బాగనే ఉన్నయి. టీకా నకిలీదని, ఐస్ డబ్బాల సరిగ పెట్టలేదని నాయిన అందర్నీ తిట్టిండు, నేను గూడ అట్లనే అనుకున్న.

పదిహేను రోజులకు సుక్కమ్మ పడ్డది. రోజుకి పదకొండు లీటర్లిచ్చే బర్రె నాలుగుకి దిగింది, కుడితి ముందట పెడితే మూతి ముంచి తీసేసింది, జ్వరం చూస్తే 105. తెలిసినాయన ఒకరు వచ్చి యాంటీబయాటిక్కు, జ్వరం సూది వేసిండు, తెల్లారేసరికి తగ్గింది, అందరం ఖుష్. ఐదారు రోజులకు మళ్ల జ్వరం, మళ్ల సూది, మళ్ల తగ్గుడు, ఇట్ల మూడుసార్లు అయినంక గానీ నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే సూది వేసినప్పుడల్లా తగ్గుతుంటే ఎవరికి అనుమానమొస్తది చెప్పండి. తర్వాత తెలిసిందేందంటే ఆ సూదితోని పని లేకున్నా అది తగ్గేదే, ఆ జ్వరం తీరే అంత.

అప్పటికి కాళ్లు నీరు పట్టినయి, కంట్లకెళ్లి నీళ్లు, రెప్ప మలిచి చూస్తే లోపల ఎర్రగ ఉండాల్సింది సున్నం లెక్క తెల్లగ ఉన్నది. ఒక రాత్రి కట్టుగుంజ చుట్టు గిర్రున తిరిగి గోడకు తల ఆనిచ్చి నిలబడ్డది. అమ్మ దిష్టి తీసింది. నేను మాత్రం పొద్దుగాల్నే మా ఏరియా పశువుల దవాఖానకి పోయిన.

అక్కడ డాక్టర్ మేడం అంతా విని ఒక్కటే అడిగింది, "జోరీగలున్నయా తమ్మీ?" ఉన్నయా ఏంది, వానలు పడ్డంక ఆ గడ్డి, ఆ మురికి నీళ్ల పక్కన జోరీగలు లేని రోజుందా. అయితే రక్తం చూడాలె అన్నది. గోపాలమిత్ర (ఇండ్లకాడికి వచ్చి పశువులను చూసే వర్కర్) వచ్చి రక్తం తీసిండు, రిపోర్టుల ఏం లేదు. నాకు కోపమొచ్చింది, రెండు రోజులు తిరిగింది దీనికేనా అని. మేడం నవ్వి, "జ్వరం లేనప్పుడు తీసిన్రు కదా, అప్పుడు ఆ పురుగు రక్తంల దొరికేంత ఉండదు, జ్వరం ఎక్కినప్పుడు తీయండి" అన్నది.

ఈ ముక్క ముందుగాల ఎవరన్నా చెప్పి ఉంటే నాకు నెల రోజులు మిగులుతుండె. ఇగ థర్మామీటర్ పట్టుకొని ఆరు గంటలకోసారి తోక ఎత్తుడే పని. 101, 101 అర, 101... మూడో రాత్రి రెండింటికి 104 దాటింది. గోపాలమిత్రని నిద్రల లేపి, ఊదారంగు మూత ట్యూబుల రక్తం తీయించి, ఐస్ డబ్బాల పెట్టుకొని తెల్లారకముందే బండి తీసిన. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదికెళ్లి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి. ఆలస్యమైతే పురుగు చచ్చిపోతదంట, చచ్చినంక వెతుకుడు కష్టం.

అక్కడ ఒక సార్ అద్దం మీద చుక్క వేసి మైక్రోస్కోపుల చూసి, "రా, నువ్వే చూడు" అన్నడు. గుండ్రటి కణాలు బటాణీలు పోసినట్టున్నయి, వాటి నడుమ సన్నటి దారప్పోగుసొంటిది ఒకటి గిలగిల కొట్టుకుంటా, పక్కనున్న కణాలను అటిటు నెట్టుకుంటా పోతున్నది. రెండు నెలల సంది మా బర్రెను తింటున్నది అదే. దాని పేరు ట్రిపనోసోమా ఇవాన్సీ, అది తెచ్చే రోగమే సర్రా, 1880ల గ్రిఫిత్ ఇవాన్స్ అనే బ్రిటిష్ పశువుల డాక్టర్ పంజాబ్ దిక్కు గుర్రాలు, ఒంటెల రక్తంల కనిపెట్టిండంట. 1897ల రొనాల్డ్ రాస్ దోమ కడుపుల మలేరియా పురుగును చూసింది గూడ మన సికింద్రాబాద్‌లనే కదా, ఆయన పనిచేసిన బేగంపేట్ బిల్డింగు దిక్కు నేను ఎన్నిసార్లు పోయిన్నో, ఎన్నడు లోపలికి పోయి చూడలే.

ఆ సార్ చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్త. మలేరియా పురుగు దోమల పెరుగుతది గానీ ఇది జోరీగల పెరగదు. ఒక బర్రెని కుట్టంగనే తోక తగిలి లేస్తది, నెత్తురంటిన మూతితోనే పక్క బర్రె మీద వాల్తది, అంతే, అంటుకుంటది. లోపలికి పోయినంక దీని ఒంటి మీద ఒక రకం ప్రోటీన్ కోటు ఉంటది. బర్రె ఒళ్లు ఆ కోటును గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసి దాదాపు అన్నిటినీ చంపుతది, అప్పుడు జ్వరం దిగుతది. కానీ వాటిల కొన్ని అప్పటికే కోటు మార్చి ఉంటయి, పగటి వేషగాళ్ల లెక్క, నిన్న శివుడు ఇయ్యాల పోలీసు. వాటిని ఒళ్లు గుర్తుపట్టదు, అవి పెరుగుతయి, మళ్ల జ్వరం. ఇసొంటి కోట్లకు దాని దగ్గర వందల జన్యువులు ఉంటయంట, అందుకే దీనికి టీకా లేదు.

ఇట్ల కొత్త కొత్త వేషాల మీద కొట్లాడి కొట్లాడి పశువు రోగనిరోధక శక్తి అలిసిపోతది, రక్తం తగ్గుతది, వేరే రోగాలు జొరబడతయి, వేరే టీకాలు గూడ సరిగ పట్టవు. ఈ మాట దగ్గర నేను ఆగిన. దూడ సంగతి చెప్పిన. "దూడ రక్తం చూడలేదు కాబట్టి గట్టిగ చెప్పలేం, కానీ సర్రా ఉన్న పశువుకి గొంతువాపు టీకా వేస్తే రావాల్సినంత రక్షణ రాదు, అది నిజం" అన్నడు. వచ్చేటప్పుడు ఆరాంఘర్ దగ్గర బండి ఆపి చాయ్ తాగిన గానీ ఆ చాయ్ రుచి నాకు తెలవలే.

మందు క్వినాపైరమిన్, తోలు కింద వేసే సూది. డోసు నేను రాయ, బరువు చూసి డాక్టరే వేయాలె, మెడికల్ షాపుల అడిగి వేసుకునేది కాదు ఇది. వేసిన చోట మెడ మీద నిమ్మకాయంత గడ్డ కట్టింది, నాయిన భయపడ్డడు, కొన్ని రోజులకు అదే కరిగింది. మేడం చెప్పినన్ని రోజులు పాలు పారబోసినం, వాడికెలు ఇద్దరు వేరే దగ్గర పట్టుకున్నరు. జ్వరం మళ్ల రాలే, రక్తం ఎక్కనీకె మాత్రం నెల దాటింది, పాలు ఎనిమిది దాటలే ఇప్పటికీ.

మనకు అంటుతదా అని అమ్మ అడిగింది. మామూలుగ అంటదు, మనిషి రక్తంల దాన్ని చంపే ప్రోటీన్ ఒకటుంటదంట. మన ఆదిలాబాద్ అవతల చంద్రపూర్ జిల్లాల 2004ల ఒక రైతుకు వచ్చిందంట, ఆయనకు ఆ ప్రోటీన్ పనిచెయ్యలేదని తేలింది.

మిగిలిన అన్నిటి రక్తం చూపిస్తే, మే నెలల అంగడిల కొన్న ముర్రా జాతి బర్రెల ఆ పురుగు దొరికింది! నిగనిగలాడుతున్నది, పాలు బాగిస్తున్నది, ఒక్క రోజు జ్వరం లేదు. బర్రెలు కొన్ని ఇట్లనే పైకి ఏం కనపడకుండ నెలలకు నెలలు మోస్తయంట. దానికి సూది అయినంక, మేడం చెప్పిన గడువు చూసి అన్నిటికీ గొంతువాపు టీకా మళ్ల వేయించినం.

మా ఆవులకు పిడుదులతోని థైలేరియా అనే ఇంకో జబ్బు వస్తది, అది ఇంకో కథ, అది ఏకంగ తెల్ల రక్తకణాల లోపలికే దూరి వాటితోనే పిల్లలు పెట్టిస్తది, భుజం ముందట గడ్డలు ఉబ్బుతయి. దానికైతే టీకా ఉంది, రక్షావాక్-టి, తయారుచేసేది మన హైదరాబాద్ కంపెనీయే, మేడం చెప్పేదాక నాకు తెలవదు.

పోయిన నెల నాయిన ఇంకో బర్రెని కొన్నడు. ఈసారి రక్తం రిపోర్టు వచ్చేదాక కొట్టంల కట్టొద్దని, పక్క ఖాళీ ప్లాటుల దోమతెర కట్టి అండ్ల ఉంచినం. ఒక్కతే ఉండలేక రాత్రంతా అరుస్తున్నది, ఎదురింటాయన రెండుసార్లు వచ్చి పోయిండు, రిపోర్టు ఎప్పుడొస్తదని ఇప్పుడు మాకంటే ఆయనే ఎక్కువ అడుగుతున్నడు.