గ్రోషియస్ జాడల్లో: డెల్ఫ్ట్ నుంచి లూవెస్టైన్ కోట దాకా

అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివినవాళ్లకి 17వ శతాబ్దపు డచ్ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ పేరు కొత్త కాదు. ఆయన నాయకుడిగా ఎదిగి, ఖైదీ అయి, తప్పించుకుని, పరాయి దేశానికి రాయబారిగా పనిచేశాడన్న సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాల్లో అయిపోతుంది. ఆ కథ జరిగిన చోట్లు నెదర్లాండ్స్‌లో ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. నేను డెల్ఫ్ట్, హేగ్, డోర్‌డ్రెఖ్ట్, లూవెస్టైన్ వరసలో చూశాను. ఎవరడిగినా ఇదే వరస చెబుతాను. కోట ముందే చూసేస్తే, ఆయన్ని అక్కడ ఎందుకు బంధించారో తెలియకుండానే తిరిగొచ్చేస్తాం.

డెల్ఫ్ట్ స్టేషన్ నుంచి మార్క్ట్ చౌక్‌కి పది నిమిషాల నడక. చౌక్‌లో 1886లో పెట్టిన గ్రోషియస్ విగ్రహం, దాని దగ్గరే న్యూవె కెర్క్ చర్చి. ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే, 1583 ఏప్రిల్ 10న. సమాధి చర్చి లోపలుంది, దాని మీది స్మారకం 1781 నాటిది. ఆదివారం ప్రార్థనలుంటాయి కాబట్టి సందర్శకుల్ని రానివ్వరు. టికెట్ ఊళ్లోని పాత చర్చికి (ఔదె కెర్క్) కూడా కలిపే ఇస్తారు, గోపురానికి వేరే తీసుకోవాలి. గోపురానికి 376 మెట్లు, అవీ ఇరుకైన చుట్టుమెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మంచిది.

సమాధి ముందు నిలబడితే మనసుకి పట్టేది ఇంకో సంగతి. ఇదే చర్చి నేల కింద నెదర్లాండ్స్‌ని ఏలే ఆరెంజ్ రాజవంశపు సమాధి గది ఉంది. అందులోకి ఎవర్నీ దించరు. గ్రోషియస్ పతనానికి కారకుడైన మౌరిట్స్ యువరాజు ఉన్నదీ అక్కడే. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. 1899లో హేగ్ శాంతి మహాసభకి వచ్చిన అమెరికా ప్రతినిధులు జులై 4న వెండి దండ తెచ్చి ఉంచింది గ్రోషియస్ సమాధి మీద.

ఆయన 11 ఏళ్లకే లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 15 ఏళ్లకి, హాలండ్ పాలనలో అందరికన్నా పెద్ద తలకాయ అయిన యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్ వెంట రాయబార బృందంతో ఫ్రాన్స్ వెళ్లాడు. 1607లో హాలండ్‌కి ప్రభుత్వ న్యాయవాది, 1613లో రాటర్‌డామ్ నగరానికి పెన్షనరీ, అంటే నగరం తరఫున సభల్లో మాట్లాడే న్యాయ సలహాదారు అయ్యాడు.

మన తీరానికి సంబంధించిన ముక్క ఇక్కడే ఉంది. 1603లో డచ్చివాళ్లు సింగపూర్ దగ్గర సాంటా కాటరీనా అనే పోర్చుగీసు ఓడని పట్టుకున్నారు. ఆ సరుకు అమ్మితే 30 లక్షల గిల్డర్లకి పైగా వచ్చింది. ఆ పట్టివేతని సమర్థిస్తూ రాసిపెట్టమని డచ్ ఈస్టిండియా కంపెనీ గ్రోషియస్‌ని అడిగింది. ఆ రాతలో ఒక అధ్యాయమే 1609లో రచయిత పేరు లేకుండా ‘మారె లిబెరుమ్’ (స్వేచ్ఛా సముద్రం) గా అచ్చయింది. సముద్రాన్ని ఎవరూ ఆక్రమించి కంచె వేసుకోలేరు, ఒకరు వాడుకుంటే ఇంకొకరికి తరిగిపోదు, కాబట్టి అది ఎవరి సొత్తూ కాదన్నది వాదన. ఆ ఏళ్లలోనే కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. బందరుకోట డచ్చి సమాధులు చూసినవాళ్లు ఆ కంపెనీ వకీలు సమాధిని డెల్ఫ్ట్‌లో చూస్తే కథ రెండో కొస అందుతుంది. 1613లో ఆయన లండన్‌లో చర్చలకి వెళ్లినప్పుడు, సుగంధద్రవ్యాల దీవుల్లో డచ్చివాళ్ల గుత్తాధిపత్యాన్ని ఖండించడానికి ఇంగ్లిషువాళ్లు ఆ పుస్తకంలోని మాటల్నే ఆయనకి తిప్పి చెప్పారు. నా లెక్కలో ఆయన దౌత్యజీవితంలో అన్నిటికన్నా గట్టి పాఠం అది.

డెల్ఫ్ట్ నుంచి హేగ్‌కి రైలు పావుగంటే. అయినా 1వ నంబరు ట్రామ్ ఎక్కండి, అంతర్జాతీయ న్యాయస్థానం ఉండే శాంతి సౌధం ముందే ఆగుతుంది. సౌధం గేటు దగ్గరి సందర్శక కేంద్రం తెరిచి ఉన్న వేళల్లో చూడొచ్చు. భవనం లోపలికి మాత్రం కొన్ని రోజుల్లోనే, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవాళ్లకే ప్రవేశం. పాస్‌పోర్ట్ దగ్గరుండాలి. డచ్ పార్లమెంటు భవనాల సముదాయం బినెన్‌హాఫ్ 2021 నుంచి మరమ్మతుల్లో ఉంది కాబట్టి చెరువుకి ఇవతలి గట్టు నుంచే చూడాలి. ఆ గట్టునే ఓల్డెన్‌బార్నెవెల్ట్ కంచు విగ్రహం కూర్చుని, తన తల తెగిన చోటికేసి చూస్తూ ఉంటుంది.

గొడవ మతంతో మొదలైంది. ఎవరికి మోక్షమో దేవుడు ముందే తేల్చేశాడా లేదా అన్న వాదంలో హాలండ్ రెండుగా చీలింది. ఓల్డెన్‌బార్నెవెల్ట్, గ్రోషియస్ సహనం వైపు నిలబడ్డారు. అల్లర్లు ఆపడానికి నగరాలు సొంతంగా సైనికుల్ని పెట్టుకోవచ్చని 1617లో తీర్మానం చేయించారు. సైన్యాధిపతి మౌరిట్స్‌కి అది తన అధికారానికే ఎసరుగా కనబడింది. 1618 ఆగస్టులో ఇద్దర్నీ పట్టుకున్నారు. 1619 మే 13న పెద్దాయనకి శిరచ్ఛేదం, కొద్దిరోజులకే గ్రోషియస్‌కి యావజ్జీవ ఖైదు. మతవాదాన్ని తేల్చిన మహాసభ జరిగింది డోర్‌డ్రెఖ్ట్‌లో. ఆ భవనం ఇప్పుడు లేదు, కానీ రైలు మారడానికి ఎలాగూ అక్కడే దిగాలి.

మారేటప్పుడు ఒక జాగ్రత్త. డోర్‌డ్రెఖ్ట్ దాకా నడిపే సంస్థ వేరు, అక్కణ్నుంచి గోరిన్‌ఖెమ్‌కి నడిపే సంస్థ వేరు. బ్యాంకు కార్డు తాకించి ప్రయాణించేవాళ్లు మొదటి సంస్థ స్తంభం దగ్గర చెకౌట్ చేసి, రెండో సంస్థ స్తంభం దగ్గర మళ్లీ చెకిన్ చేయాలి. మరిచిపోతే ఎంత దూరం వెళ్లారన్న దానితో పనిలేకుండా నిర్ణీత మొత్తం కోసేస్తారు, రెండో రైల్లో టికెట్ లేనట్టే లెక్క. గోరిన్‌ఖెమ్‌ని స్థానికులు గోర్కుమ్ అంటారు, దారి అడిగేటప్పుడు పనికొస్తుంది.

స్టేషన్ నుంచి పాత ఊరు మీదుగా రేవుకి సుమారు పావుగంట నడక. అక్కడ పడవ ఎక్కాలి. కోట రేవుకి అన్ని కాలాల్లోనూ పడవలుండవు, కాబట్టి బయల్దేరే ముందే వేళలు చూసుకోండి, తిరుగు పడవ వేళతో సహా. కోట గుమ్మం దాకా బస్సు లేదు. శీతాకాలంలో వాల్ నది పొంగితే గట్ల మధ్య పొలాలన్నీ మునిగిపోతాయి.

మాస్, వాల్ నదులు కలిసేచోట 14వ శతాబ్దంలో కట్టిన ఇటుక కోట లూవెస్టైన్. చుట్టూ కందకం, మట్టిబురుజులు. గ్రోషియస్ గదికి ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. కిటికీలోంచి చూస్తే నీళ్లే. ఈత కొట్టి పారిపోదామనుకునే చోటు కాదు.

భార్య మరియా వాన్ రైగర్స్‌బర్ఖ్ ఆయనతోపాటే ఖైదులో ఉంది. చదివిన పుస్తకాలు, ఉతకాల్సిన బట్టలు ఒక పెట్టెలో గోరిన్‌ఖెమ్ వెళ్లేవి, కొత్త పుస్తకాలు అదే పెట్టెలో వచ్చేవి. మొదట్లో కాపలావాళ్లు పెట్టె తెరిచి చూసేవాళ్లు. ప్రతిసారీ పుస్తకాలే కనబడేసరికి చూడటం మానేశారు. మరియా కనిపెట్టింది అదే. కదలకుండా పెట్టెలో పడుకోవడం భర్తకి సాధన చేయించింది. గాలికి తాళపు కన్నమే దిక్కు. 1621 మార్చి 22న, కోట అధికారి ఊళ్లో లేని రోజు చూసి, ఆయన్ని అందులో పెట్టి తాళం వేసింది. పెట్టె బరువుందని, లోపల ఆర్మీనియస్ మతస్థుడేమైనా (మోక్షం వాదంలో గ్రోషియస్ వెనకేసుకొచ్చిన వర్గం మనిషి) ఉన్నాడా అని సైనికులు అడిగారని, వాళ్ల పుస్తకాలున్నాయని ఆమె బదులిచ్చిందని చెబుతారు.

పెట్టె వెంట వెళ్లింది పనిమనిషి ఎల్స్యే వాన్ హౌవెనింగ్. గాలికి పడవ ఊగుతుంటే పెట్టెని తాళ్లతో కట్టించింది ఆమేనంటారు. గోరిన్‌ఖెమ్‌లో పెట్టె చేరింది డాట్సెలార్ కుటుంబం ఇంటికి. అక్కడ గ్రోషియస్ తాపీమేస్త్రీ వేషం కట్టి సరిహద్దు దాటి ఆంట్వెర్ప్, ఆపైన పారిస్ చేరాడు. ఆ రేవులో దిగుతుంటే ఎల్స్యే పేరే ముందు తలుచుకోవాలనిపించింది. తీరా దొరికిపోతే ఆమెని కాపాడే హోదా, బంధుత్వం ఏమీ లేవు.

ఖైదులో రాసిన డచ్ న్యాయ పరిచయ గ్రంథాన్ని దక్షిణాఫ్రికా, శ్రీలంక న్యాయస్థానాల్లో నేటికీ ఉదహరిస్తారు. యుద్ధ, శాంతి ధర్మాల మీద పెద్ద గ్రంథం 1625లో పారిస్‌లో వచ్చింది. 1631లో స్వదేశానికి తిరిగొచ్చాడు కానీ నిలవనివ్వలేదు. 1635 నుంచి పదేళ్లు పారిస్‌లో స్వీడన్ రాయబారి. ఫ్రాన్స్ ముఖ్యమంత్రి కార్డినల్ రిషెల్యూతో పొసగలేదు, రాయబారుల్లో ఎవరికి ముందు మర్యాద అన్న గొడవల్లో చాలా కాలం కరిగిపోయింది. పదవి నుంచి వెనక్కి పిలిచాక స్వీడన్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఓడ ప్రమాదంలో చిక్కుకుని, 1645 ఆగస్టు 28న జర్మనీలోని రోస్టాక్‌లో పోయాడు.

అసలు పెట్టె ఏదని అడిగితే తగువే. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఒకటి, డెల్ఫ్ట్ ప్రిన్సెన్‌హాఫ్ మ్యూజియంలో ఒకటి, కోటలో ఒకటి ఉన్నాయి. ఒక్కటే చూడగలిగితే కోటలోదే చూడండి. ప్రిన్సెన్‌హాఫ్‌ని పునరుద్ధరణ కోసం మూసేశారు కాబట్టి, తెరిచారో లేదో కనుక్కోకుండా దానికోసం డెల్ఫ్ట్‌లో పూట కేటాయించకండి.