అలైన్‌మెంట్ మిషను ఎక్కించే ముందు చూడవలసినవి

బండి పక్కకు లాగుతోందని ఎవరైనా అనగానే మన ఊళ్లలో ముందుగా వచ్చే సలహా, అలైన్‌మెంట్ చేయించమని. శ్రీకాకుళంలో ఉంటూ రోజూ చిలకపాలెం మీదుగా రాజాం వెళ్లివచ్చే మా బావమరిది కూడా అదే చేశాడు. ఆ తరువాత కూడా అతని పాత హ్యాచ్‌బ్యాక్ ఎడమకే లాగుతూ, బ్రేకు తొక్కినప్పుడల్లా కింద నుంచి ‘టక్’మని కొడుతూనే ఉంది. “మిషను మీద అన్నీ పచ్చగానే చూపించాయి బావా, అయినా లాగుతోంది” అంటూ విజయనగరంలోని మా ఇంటికి బండి తెచ్చాడు.

అన్నీ పచ్చగా, అంటే సరిగ్గానే ఉన్నట్లు, చూపించడంలో మిషను తప్పేమీ లేదు. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు చక్రం ఏ కోణంలో ఉందో అది చెబుతుంది. బ్రేకు పడగానే, చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ చిరిగిన బుష్‌లో (దాని కీలు దగ్గరి రబ్బరు తొడుగులో) వెనక్కి జరిగి ఆ కోణం ఎంత మారుతుందో అది చెప్పలేదు. పైగా చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు సర్దడానికి వీలున్నది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగు తిరిగే ఇరుసు వాలిన కోణం) అంకెలు తెర మీద కనిపిస్తాయి గాని, వాటిని మార్చడానికి కంపెనీ వారు ఏర్పాటేమీ ఇవ్వరు. టో చెడితే టైరు అరుగుతుంది, స్టీరింగు వంకరగా నిలుస్తుంది. అంతేగాని దానివల్ల బండి ఒక పక్కకు లాగడం అరుదు, ఎందుకంటే నడిచేటప్పుడు ఆ తేడాను ముందు చక్రాలు రెండూ చెరిసగం పంచుకుంటాయి. లాగుడుకు అసలు కారణాలు రెండు పక్కల క్యాంబర్లో గాని క్యాస్టర్లో గాని తేడా ఉండటం, టైరు లోపం, పట్టేసిన బ్రేకు.

అందుచేత నేను టైర్ల దగ్గర మొదలుపెడతాను. గాలి సరిచూసి, ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి నడిపితే లాగుడు కూడా పక్క మార్చుకుందా, తప్పు టైరుదే. ఒకే దిశలో తిరగవలసిన గుర్తున్న టైర్లయితే ఈ పరీక్ష కోసం తప్ప అలా ఉంచకూడదు. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు విప్పి చూడాలి. వాననీరు పోవడానికి రోడ్డును అంచు వైపు వాలుగా వేస్తారు కాబట్టి ఎడమకు కొద్దిగా జారడం మాత్రం జబ్బు కాదు.

టైరు మీద అరచేతిని అడ్డంగా లోపలికీ బయటికీ రాసి చూడాలి. ఒక వైపు నున్నగా పోయి, రెండో వైపు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే అది టో చేసిన పని. గరుకు లేకుండా లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయిందని అర్థం.

తరువాత జాకీ వేసి, తప్పనిసరిగా స్టాండు కూడా పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ప్లే (వదులు) తెలిస్తే పక్కన ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనాలి. అప్పుడు ప్లే పోతే వీల్ బేరింగ్, పోకపోతే లోయర్ ఆర్మ్ చివరనుండే లోయర్ బాల్ జాయింట్. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు ఆడితే స్టీరింగు కదలికను చక్రానికి అందించే టై రాడ్ బయటి జాయింటు (టై రాడ్ ఎండ్) గాని, లోపలి జాయింటు (రాక్ ఎండ్) గాని అరిగినట్లు. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి బండిని నేల మీదకు దించి, ఇంజను స్టార్టు చేసి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతుంటే మనం ఒక్కొక్క జాయింటు మీద వేలు ఆనించి ఉంచాలి. కంటికి కనిపించని ప్లే వేలికి స్పష్టంగా తగులుతుంది.

చాలామంది దాటిపోయేది లింక్ రాడ్, అంటే మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపు కలిపే చిన్న కడ్డీ. ఒక్క చక్రమే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆ రాడ్ మీద బలం పడుతుంది కాబట్టి అరిగిన జాయింటు కూడా బిగువుగానే తోస్తుంది. రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడో, రెండూ గాల్లో ఉన్నప్పుడో దాన్ని చేత్తో పట్టి ఆడించాలి. నిలబడిన బండి స్టీరింగు తిప్పేటప్పుడు స్ప్రింగు మీద చేయి పెడితే అది ఉన్నట్టుండి ఎగిరినట్లు తెలిసిందా, పైనున్న స్ట్రట్ మౌంట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచే భాగం) గాని దాని బేరింగు గాని పోయింది.

మా వాడి బండిలో లింక్ రాడ్ ఒకటి లూజుగా ఉన్నా అసలు దోషం ఎడమ లోయర్ ఆర్మ్ వెనుక బుష్‌ది. పైకి కొద్దిగా పగిలినట్లే ఉంది గాని, లీవరు పెట్టి తోస్తే రబ్బరు ఇనుపగొట్టాన్ని విడిచి బొటనవేలు దూరేంత సందు తెరుచుకుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి పోవడం, క్యాస్టర్ తగ్గి బండి అటే లాగడం, ఆర్మ్ ‘టక్’మనడం, అన్నీ అక్కడివే. రెండు పక్కలా బుష్‌లు మార్పించాం. షెడ్డులో మేస్త్రి చివరి బోల్టు బిగించకుండా బండిని దించబోతుంటే మా వాడు కంగారుపడ్డాడు. “కిందకి దించేకే బిగించాలి బాబూ, గాల్లో బిగించేస్తే కొత్త బుష్షూ సిరిగిపోద్ది” అన్నాడాయన. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. వేలాడుతున్న ఆర్మ్‌ను బిగిస్తే బండి బరువు పడగానే రబ్బరు మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే పనిచేస్తుంది.

అలైన్‌మెంట్ దీని తరువాతే. సర్దక ముందు కాగితం, సర్దిన తరువాతి కాగితం రెండూ అడిగి తీసుకోవాలి. రెండు పక్కల క్యాంబర్లో పెద్ద తేడా కనిపిస్తే టో సర్దించుకుని వచ్చేయకూడదు. ఆర్మో, స్ట్రట్టో, చక్రం బేరింగును మోసే స్టీరింగ్ నకిల్ అనే భాగమో వంగిందేమో, ఆర్మ్‌లు బిగించే సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగిందేమో చూపించుకోవాలి. స్టీరింగు నిటారుగా కట్టి, రెండు వైపుల టై రాడ్లనూ తిప్పి టో సర్దారా లేదా అన్నది మనం దగ్గర నిలబడి చూడవలసిన విషయం.

అంతా సరిచేశాక కూడా కొన్నాళ్లు చక్రాల దగ్గర హోరు వినిపించవచ్చు. పాత అరుగుడు టైరు మీద అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని బేరింగ్ మోత అనుకుని మరో ఖర్చు పెట్టుకోనక్కరలేదు. మెల్లగా కుడికీ ఎడమకీ మలుపు తిప్పి వింటే, ఎడమ బేరింగ్ పోయి ఉంటే సాధారణంగా కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ వైపు పడి మోత పెరుగుతుంది. టైరు హోరయితే పెద్దగా మారదు.