ఉదయగిరి చెక్క పడిన స్ట్రాటోకాస్టర్

నెల్లూరు ప్రయాణానికి కారణం ఒక గిటారు నెక్, అంటే తీగల కింద వేళ్ళు ఆడే పొడవాటి కాడ. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో లీడ్ గిటారు వాయించిన మాస్టారు ఒకరు నెల్లూరులో ఉన్నారు. ఆయన దగ్గరున్న 1970ల నాటి ఎలక్ట్రిక్ గిటారు, ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్, నెక్ వంగిపోయి, లోపలి ఇనుప కడ్డీని ఎంత తిప్పినా దారికి రాని స్థితికి చేరింది. 1962 నమూనాను అనుసరించి జపానులో చేసిన నెక్ ఒకటి ఒంగోలులో నా అలమరలో ఊరికే పడి ఉంది. ఫోనులో ఆ మాట చెప్పగానే, "నువ్వు దాన్ని తీసుకోని రా అబ్బయా, చెక్క పని సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. మరుసటి వారమే పినాకినిలో బయలుదేరాను.

సింగరాయకొండ, కావలి, బిట్రగుంట దాటుతున్నంతసేపూ నెక్‌ను ఒళ్ళోనే పెట్టుకున్నాను. గిటారులో సగాన్ని ఇలా విడిగా రైల్లో తీసుకుపోగలగడమే ఆ వాయిద్యపు అసలు గొప్పతనమని నా అభిప్రాయం. దాన్ని రూపొందించిన లియో ఫెండర్ గిటారు వాయించడం రానివాడు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. పాడైన భాగాన్ని విప్పి కొత్తది బిగించడం ఆయనకు అలవాటైన పని కనుక, గిటారును కూడా అదే పద్ధతిలో ఊహించి, 1950లో మొదలుపెట్టిన గిటార్ల నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించాడు. 1951లో టెలికాస్టర్ అనే పేరు స్థిరపడిన ఆ గిటారు అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాద్యకారులు చెప్పగా, అంచులను వాలుగా చెక్కించి 1954లో స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చాడు. గిబ్సన్ సంస్థ 1952లో తెచ్చిన లెస్ పాల్ అందమైనదే, దాని స్వరం గంభీరమైనదే; కాని దాని నెక్‌ను బాడీకి జిగురుతో అతికిస్తారు. అది విరిగితే బాగుచేసే నిపుణుడి కోసం మనం ఎంత దూరమైనా పోవలసిందే.

నెల్లూరులో దిగి ట్రంకు రోడ్డు మీదుగా మాస్టారి ఇంటికి వెళుతుంటే ఆటో డ్రైవరు బాలు గారి ఇల్లుండిన తిప్పరాజువారి వీధి ఎటో చూపించాడు. ఆ ఇంటిని గాయకుడు తన జీవితకాలంలోనే కంచి మఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు.

మాస్టారు గిటారును ముందే విప్పి, నవారు మంచం మీద పాత పంచె పరిచి, భాగాలన్నీ వరుసగా పేర్చి పెట్టుకున్నారు. వాల్యూమ్ కంట్రోలు వెనుక ముద్రించిన అంకెల్లో మొదటి 137 సీటీఎస్ అనే తయారీదారు సంకేతం. దాని తరువాతి రెండంకెలు 74. అంటే గిటారు 1974కు ముందుది కాదు. మద్రాసులో ఒక స్టూడియో వాద్యకారుడి దగ్గర కొన్నప్పటి నుంచి దీని వయసు మీద ఆర్కెస్ట్రా మిత్రులు వాదించుకుంటూనే ఉన్నారట. ఆ అంకెలను భూతద్దంలో నాకు చూపిస్తున్నప్పుడు ఆయన ముఖంలో గెలుపు కనిపించింది.

1954లో మొదలైన గిటారుకూ మంచం మీదున్న దానికీ మధ్య ఏమేమి మారాయో ఆ మధ్యాహ్నమంతా ఒక్కొక్క భాగాన్నీ చేతిలోకి తీసుకుని చూశాము. తొలి స్ట్రాట్‌లకు బాడీ యాష్ చెక్క. 1956 నడుమ నుంచి ఎక్కువ వాటికి ఆల్డర్ వాడారు. నెక్ అంతా ఒకే మేపుల్ ముక్క కావడంతో వేళ్ళు ఆడిన చోట పూత అరిగి మాపు తేలేది. 1959లో దాని మీద రోజ్‌వుడ్ పలక వచ్చింది. అదే ఏడాది ముందువైపు ప్లాస్టిక్ పలకకు ఎనిమిది స్క్రూలకు బదులు పదకొండు వచ్చాయి. వీటిలో చాలావరకు వాడుకలో బయటపడిన లోపాలను సరిదిద్దిన మార్పులు. 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ ఫెండర్‌ను 1.3 కోట్ల డాలర్లకు కొన్న తరువాత వచ్చిన మార్పుల్లో చాలా వాటికి కారణం వాద్యకారుడి ఫిర్యాదు కాదు, లెక్కల పుస్తకం. ఆ ఏడాది చివర నుంచి నెక్ కొసన ఉండే తల పెద్దదయింది, కంపెనీ పేరు దూరానికి కూడా కనబడేలా. పలుచని పూత పోయి మందపాటి పాలియెస్టర్ పూత వచ్చింది. మాస్టారి గిటారు మీద అది యాభై ఏళ్ళ తరువాత కూడా గాజులా మెరుస్తోంది, కాని దెబ్బ తగిలిన చోట పెచ్చుగా లేచిపోయింది. 1971లో నాలుగు స్క్రూల స్థానంలో మూడే మిగిలాయి. తీగలు ఆనే బ్రిడ్జి కింద ఉండే ఉక్కు దిమ్మ స్థానంలో పోతపోసిన చవక లోహపు దిమ్మ వచ్చింది. మాస్టారు దాన్ని అరచేతిలో ఎగరేసి, "ఇదేం బరువబ్బా, స్వరం ఎట్టా నిలబడతాది?" అన్నారు.

అయితే ఆ దశకాన్ని పూర్తిగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. మూడు స్క్రూల నెక్ ఊగుతుందని అందరూ అంటారు. ఊగేది స్క్రూల సంఖ్య వల్ల కాదు, నెక్ కూర్చునే గాడిని వదులుగా కోయడం వల్ల. మాస్టారి గిటారులో నెక్ పక్కన పోస్టుకార్డు దూరేంత సందు ఉంది. నెక్ వాలును విప్పకుండానే సరిచేసుకునే ఏర్పాటు కూడా ఆ మూడు స్క్రూలతోపాటే వచ్చింది, అది తెలివైన పని. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల సంగతీ అంతే. పూర్వం మూడో తీగ మీద కూడా సన్నని తీగ చుట్టి ఉండేది కనుక దాని కింద అయస్కాంతాన్ని ఎత్తుగా పెట్టేవారు. చుట్టు లేని తీగ వాడుకలోకి వచ్చాక అదొక్కటే పెద్దగా మోగసాగింది. 1970ల నడుమ అయస్కాంతాలన్నిటినీ ఒకే ఎత్తులో పెట్టారు. పాత అమరికే గొప్పదనేవారు నేటి తీగలతో ఒకసారి వాయించి చూడాలి. ఇక మూడు పికప్‌లకు మూడే స్థానాల స్విచ్చి ఉన్న రోజుల్లో వాద్యకారులు దాన్ని రెండు స్థానాల మధ్య ఇరికించి, రెండు పికప్‌లు కలిసి పలికే ఆ గలగలలాడే స్వరాన్ని దొంగిలించేవారు. 1977లో కంపెనీ ఐదు స్థానాల స్విచ్చి పెట్టి దాన్ని అధికారికం చేసింది.

1982లో ఫెండర్ జపానులో తయారీ మొదలుపెట్టి, పాత నమూనాలను శ్రద్ధగా తిరిగి చేయించింది. 1985లో ఉద్యోగులే సీబీఎస్ నుంచి కంపెనీని కొనుక్కున్నారు. ఆ దశకం చివర కొంతకాలం ఫెండర్ వారి చవక బ్రాండు స్క్వైర్ పేరుతో భారతదేశంలో కూడా స్ట్రాటోకాస్టర్లు తయారయ్యాయని చాలామందికి తెలియదు. మాస్టారి శిష్యుడి దగ్గర అటువంటిది ఒకటి ఉంది. సాయంత్రం తెచ్చి చూపించాడు. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, అంటే ఫ్రెట్లు, తుప్పు పట్టిన సంగతి పక్కన పెడితే నెక్ నిటారుగానే ఉంది. దాన్ని మాస్టారి వాల్వు యాంప్లిఫయరుకు తగిలించి విన్నాము. ఊళ్ళోని రేడియో మెకానిక్ కట్టిన యాంప్లిఫయర్ అది. పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలే వాల్వులు; వాటిలో ఎలక్ట్రోడ్లను కదలకుండా పట్టి ఉంచే పలుచని బిళ్ళలు అభ్రకంవి, అంటే గూడూరు, సైదాపురం గనుల వాళ్ళు తరతరాలుగా తవ్విన ఖనిజమే.

మర్నాడు ఉదయం ఆత్మకూరు మీదుగా ఉదయగిరి బస్సెక్కాము. సుమారు వంద కిలోమీటర్ల దారి; మెట్ట పొలాలు, ఆపైన దూరంగా కొండ. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఆ కొండ మీదే ఉంది. మేము మాత్రం కోట వైపు చూడకుండా నేరుగా చెక్క స్పూన్లు చేసే ఇంటికి వెళ్ళాము. ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, బిక్కి వంటి చెక్కను చేతి పనిముట్లతో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు.

మా పని చిన్నదే గాని చిక్కుది. బాడీలోని మూడు పాత రంధ్రాలూ కొత్త నాలుగు రంధ్రాలు పడవలసిన చోటికి మరీ దగ్గరగా ఉన్నాయి. వాటిని ముందు చెక్కతో పూడ్చాలి. పనివాడు బాడీని తిప్పి చూసి, "పట్టు దేంట్లో సార్? ఈ ఒంట్లోనా, ఆ కాడలోనా?" అని అడిగాడు. గిటార్లు అమ్మేవాళ్ళు కూడా అడగని ప్రశ్న అది. స్క్రూ మరలు కరుచుకునేది నెక్‌లోనే, బాడీలో రంధ్రం దారి మాత్రమే అని మాస్టారు చెప్పారు. అయితే బిరడాకు గట్టిదనం కన్నా చారల దిశ ముఖ్యమని తేల్చి, అతడు నర్ది ముక్కను అడ్డంగా కోసి, బాడీ చారలూ బిరడా చారలూ ఒకే వైపు నడిచేటట్టు ఆకురాయితో గుండ్రం చేసి, జిగురు రాసి కొట్టాడు. ఊగే సందులో ఒక పక్కన అదే చెక్కను పలుచని రేకుగా తీసి అంటించాడు.

జిగురు ఆరేదాకా ఆగి, బ్రిడ్జి నుంచి నెక్ చివరి దాకా రెండు దారాలు కట్టి, అవి రెండు అంచులకూ సమాన దూరంలో పడేటట్టు నెక్‌ను జరిపి చూశాము. నెక్ అడుగున ఉన్న నాలుగు రంధ్రాల చుట్టూ మాస్టారు కాటుక పూసి ఉంచారు. దారాలు సరిపోయాక గట్టిగా అదిమితే గాడిలో నాలుగు నల్లని గుర్తులు పడ్డాయి. ఆ గుర్తుల మీద బెజ్జాలు పడ్డాయి, స్క్రూలు బిగిశాయి. 1954 నుంచి ఇప్పటిదాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోవడం వల్ల అమెరికా బాడీ మీద జపాను నెక్ శ్రుతి తప్పలేదు. పన్నెండో ఫ్రెట్టు దగ్గర నొక్కి పలికించిన స్వరమూ, అక్కడే వేలు తేలికగా ఆనించి పలికించిన మేలుస్వరమూ ఒకటిగా కలిశాయి. పెద్ద తల పోయి చిన్న తల వచ్చిన గిటారును మాస్టారు ఎటూ తేల్చని ముఖంతో కాసేపు చూసి, "స్టేజీ మీద ఆ పెద్ద తల బాగుండేది" అన్నారు.

తిరుగు బస్సులో చర్చ చవక లోహపు దిమ్మ మీదికి మళ్ళింది. ఉక్కు దిమ్మను నెల్లూరులోనే లేతు మీద పట్టించవచ్చునని ఆయన, ఆరు తీగల బెజ్జాలూ సరిగ్గా రావాలంటే తయారైనదాన్ని తెప్పించుకోవడమే మేలని నేను, ఆత్మకూరు దాకా వాదించుకుంటూనే ఉన్నాము.