గిర్నీ డ్యూటీ

మా హాస్టల్లో అందరూ తప్పించుకోజూసే పని ఒకటే, గిర్నీ డ్యూటీ. బుధవారం, ఆదివారం రాత్రి చపాతీలు. ఆ పొద్దున ఇద్దరు పిల్లలు గోధుమల సంచి సైకిల్ క్యారియర్‌కు కట్టి బజారు గిర్నీకి తోసుకుపోవాలి. కరెంటు పోయిందా, అక్కడే పడిగాపులు. ఒకసారి నేనూ నా జోడీగాడూ మధ్యాహ్నం దాకా అరుగు మీద కూచొని పచ్చి గోధుమలు నమిలి, సగం పిండితో తిరిగొచ్చాం. ఆ రాత్రి తలా ఒక్క చపాతీయే. సీనియర్ల తిట్లు మాత్రం కడుపునిండా తిన్నాం.

అందుకేనేమో, 1984 ఎక్స్‌కర్షన్ అనగానే మా బ్యాచ్ వాళ్ళంతా అజంతా, ఎల్లోరా అంటారు గానీ నాకు మాత్రం ఔరంగాబాద్ పన్‌చక్కే, అంటే నీళ్ళతో తిరిగే గిర్నీయే, గుర్తొస్తుంది. నిజామాబాద్‌లో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, అప్పటికింకా మీటర్ గేజే.

ఖామ్ నది పక్కన బాబా షా ముసాఫిర్ దర్గా. బుఖారా వైపు నుంచి వచ్చిన సూఫీ ఆయన. ఆవరణలో పెద్ద హౌజు, ఎత్తయిన గోడ మీంచి అందులోకి తెరలా దూకే నీళ్ళు. "ఇంజను ఎక్కడుంది సార్?" అన్నాడు నా జోడీగాడు. సోషల్ సారు దూరంగా కనిపిస్తున్న గుట్టలు చూపించాడు. అక్కడి నీటిని మట్టి గొట్టాల్లో, భూమి లోపల్నుంచి, సుమారు 8 కిలోమీటర్లు తెచ్చారట. ఆ ఊరికి నహర్లు, అంటే ఇలాంటి నీటి కాలువలు, కొత్త కాదు. 1610లో ఖడ్కీ పేరుతో ఊరు కట్టిన అహ్మద్‌నగర్ మంత్రి మాలిక్ అంబరే ఆ పని మొదలుపెట్టాడు. పన్‌చక్కి కట్టించింది మొదటి నిజాం నిజాముల్ముల్క్ కొలువులోని తుర్క్‌తాజ్ ఖాన్. హౌజు తర్వాత జమీల్ బేగ్ ఖాన్ వేయించాడు. ఆ హౌజు అడుగే కింది హాలుకు కప్పు. ఎండలో నడిచి నడిచి అందులోకి దిగితే బండల చల్లదనం అరికాళ్ళకు ఎక్కింది. సారు పిలిచినా ఎవడూ లేవలేదు.

గిర్నీ గది చిన్నది. నేల కింద నీళ్ళు చక్రం రెక్కల మీద పడతాయి, చక్రం ఇరుసు పైకొచ్చి పై రాయిని తిప్పుతుంది. కింది రాయి కదలదు. మన ఇసుర్రాయే, పిడి పట్టే మనిషి లేడంతే.

"ఎవరి కోసం విసిరేవాళ్ళు సార్?"

"దర్గాకొచ్చే యాత్రికులకు, ఫకీర్లకు, ఇక్కడ చదువుకునే పిల్లలకు. ఇదీ హాస్టల్ గిర్నీయే రా!"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. రెండు వందల ఏళ్ళకు పైగా కిందటే కరెంటు బాధ లేని గిర్నీ! కాస్త కుళ్ళుకున్నాం కూడా.

ఆ రోజు రాయి ఉత్తదే తిరుగుతోంది. అందరూ బయటికి పోయాక మావాడు నిక్కరు జేబులోంచి పిడికెడు గోధుమలు తీశాడు. డ్యూటీలో మిగిలినవి. కావలి తాత చూస్తుండగానే రాయి కంటిలో పోశాడు. తాత గదమాయించలేదు, నవ్వాడు. కాసేపటికి రాళ్ళ అంచున చిటికెడు బరక పిండి రాలింది. వేలితో తీసి చూశాను. బజారు గిర్నీ పిండి చెయ్యి కాలుస్తుంది. ఇది చల్లగా ఉంది.