ఖాళీ పీఠం వెనక చక్రం

దసరా సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెడలో సన్నటి గొలుసు, దానికి ఎనిమిది ఆకుల, అంటే చువ్వల, వెండి చక్రం. హిమాచల్‌లోని ధర్మశాల వెళ్లినప్పుడు కొనుక్కుందట. "ఇది చేత్తో పట్టుకుంటే టెన్షన్ తగ్గినట్టుంటుంది మాస్టారూ. ఇదేంటని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పడం రావట్లేదు" అంది.

ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ప్రతి ఆగస్టులోనూ పిల్లల చేత జెండా గీయించేవాణ్ని. కంపాస్‌తో వృత్తం గీసి, అదే కొలతతో చుట్టూ గుర్తులు పెడితే ఆరు భాగాలొస్తాయి. వాటిని సగం చేస్తే పన్నెండు, మళ్లీ సగం చేస్తే ఇరవై నాలుగు. ఎందుకు ఇరవై నాలుగని ఎవరైనా అడిగితే రోజుకు 24 గంటలు కదా అనేవాణ్ని. అది తప్పని ఇప్పుడు తెలుసు. 1947 జులై 22న రాజ్యాంగ సభ చేసిన తీర్మానంలో గంటల మాట లేదు. ఆ చక్రం చరఖాకు గుర్తని, దాని రూపం సారనాథ్ సింహస్తంభం మీది చక్రానిదని మాత్రమే అందులో ఉంది. అశోకుడి శిల్పులు ఆ సింహాల కాళ్ల కింది పట్టీ మీద ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం చెక్కి, వాటి మధ్య 24 ఆకుల చక్రాలు పెట్టారు.

ఆ అమ్మాయికి ఇది చెబితే "మరి నాదాంట్లో ఎనిమిదే ఉన్నాయి?" అంది. ఎనిమిది ఆకులూ బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గానికి గుర్తు: సరైన చూపు, సరైన సంకల్పం, సరైన మాట, అలా సరైన సమాధి, అంటే ఏకాగ్రత దాకా. అయితే చక్రం బుద్ధుడి కంటే పాతది. రుగ్వేదం మొదటి మండలంలో పన్నెండు ఆకుల కాలచక్రం ఉంది, ఎంత తిరిగినా అరగనిది. తర్వాత అది రాజు చేతికి వచ్చింది. చక్రవర్తి అనే మాట మనం రోజూ వాడతాం, దాని లోపల చక్రం ఉందని గమనించం. చక్రం ముందు దొర్లుతూ పోతుంటే సైన్యం వెనక నడుస్తుందని, అది దొర్లినంత మేరా నేల ఆయనదవుతుందని పాత కథలు చెబుతాయి. మన జగ్గయ్యపేట స్తూపంలో దొరికిన పలక మీద అలాంటి చక్రవర్తి ఉన్నాడు. పైన గొడుగు, చుట్టూ ఆయన ఏడు రత్నాలు, అంటే చక్రవర్తికి ఉండే ఏడు గొప్ప సంపదలు. వాటిలో చక్రం ఒకటి.

నాకు ఒళ్లు పులకరించేది దీని తర్వాతి సంగతికి. సిద్ధార్థుడు పుట్టినప్పుడు జోస్యులు, ఈ బిడ్డ ఇంట్లో ఉంటే చక్రవర్తి అవుతాడు, ఇల్లు విడిస్తే బుద్ధుడవుతాడు అన్నారట. ఆయన ఇల్లు విడిచాడు. రాజ్యం వదిలేశాడు గానీ చక్రాన్ని వదల్లేదు. సారనాథ్ జింకల వనంలో ఐదుగురికి చేసిన మొదటి బోధకు ధర్మచక్ర ప్రవర్తనం అని పేరు. ఢిల్లీలో చక్రం తిప్పాడు అని మనం ఇప్పటికీ అంటాం కదా, ఆ తిప్పడం అధికారానిది. ఈయన తిప్పింది కేవలం మాటతో. సైన్యం లేదు, వింటున్నవాళ్లు ఐదుగురు.

రిటైరయ్యాక చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లాను. అమరావతి బౌద్ధ స్తూపం పలకలు అక్కడ చాలా ఉన్నాయి, ఇంకొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో. పల్నాడు సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. ఒక పలక ముందు చాలాసేపు కూర్చున్నాను. పీఠం ఉంది, దాని ముందు పాదాల గుర్తులున్నాయి, వెనక స్తంభం మీద చక్రం ఉంది. రెండు పక్కలా జనం చేతులు జోడించి వంగి ఉన్నారు. పీఠం మీద ఎవరూ లేరు.

తొలినాళ్ల అమరావతి శిల్పులు బుద్ధుణ్ని మనిషిగా చెక్కలేదు. జ్ఞానోదయానికి బోధివృక్షం, మొదటి బోధకు చక్రం, నిర్వాణానికి స్తూపం చెక్కారు. మనిషి బొమ్మ వేయడం రాక కాదు, చుట్టూ ఉన్న భక్తుల ముఖాలు, నడుముల వంపులు, చేతుల గాజులు చూస్తే తెలుస్తుంది. బొమ్మలు నేర్పి బతికిన నాకు ఆ ఖాళీ చోటు చూస్తే గొంతు పట్టుకుంది. ముఖ్యమైనవాణ్ని గీయకుండా ఆగగలగడం ఎంత నిబ్బరం! తర్వాతి తరాల శిల్పులు అదే ఊళ్లో బుద్ధుడి విగ్రహాలు చెక్కారు, అవీ గొప్పవే. నా మనసు మాత్రం ఆ చక్రం దగ్గరే ఆగిపోయింది.

ఇదంతా విని అమ్మాయి లాకెట్ తీసి అరచేతిలో పెట్టుకుంది. "అయితే ఇది ఆయన కూర్చున్న చోటా మాస్టారూ?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అలాంటి రాళ్లను గుంటూరులో పుట్టి పెరిగిన పిల్ల ఇంతవరకూ చూడలేదట. అమరావతి మ్యూజియం ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకే. ఆదివారం పొద్దున్నే బస్సెక్కుదామన్నాను, వాళ్లమ్మ కూడా వస్తానంది.